మాట తగిలిన సున్నం

తుమ్మెదకొండ మీద నాలుగువందల పైచిలుకు ఇళ్ళున్నాయి. వాటిలో సగానికి సగం, ఏడాదిలో పది నెలలు తాళాలతోనే కాపురం చేస్తాయి. ఎండలు ముదిరితే చాలు, బెంగళూరు నుంచీ హైదరాబాదు నుంచీ కార్లు బారులు తీరి ఘాట్ రోడ్డెక్కుతాయి. వచ్చేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నీలగిరి చెట్ల గాలి పీల్చుకుంటారు, పిల్లలకు మబ్బులు చూపిస్తారు, ఇంటి ముందు పచ్చికకు రెండు పూటలా నీళ్ళు పడతారు. ఆ పచ్చిక తాగినన్ని నీళ్ళు ఊళ్ళోవాళ్ళు తాగరు. మే నెల సగానికి వచ్చేసరికి ట్యాంకు అడుగంటి, దిగువవీధి కొళాయిలు బుసకొట్టి ఊరుకుంటాయి.

ఈ కటకట చూడలేక నగర పంచాయతీ ఒక తీర్మానం చేసింది. ఏడాదిలో నూటఎనభై రోజులైనా మనిషి కాపురం లేని ఇల్లు 'రెండో ఇల్లు'. రెండో ఇంటికి మూడింతల పన్ను. ఆ పన్నుతో కింది చెరువు నుంచి పైపులైను వేస్తారు. అది పూర్తయ్యేదాకా రెండో ఇంటి కొళాయికి సీలు. తీర్మానం బాగానే ఉంది, తంటా అంతా రుజువు దగ్గర వచ్చింది. తాళమేసిన ఇళ్ళవాళ్ళందరూ ఒక్క గొంతుతో "మేమిక్కడే ఉంటున్నాం" అన్నారు. కరెంటు బిల్లులు తెచ్చి చూపించారు. ఖాళీ బంగళాల్లో టీవీలు వాటంతటవే వెలిగి, ఎవరూ లేని సోఫాలకు వార్తలు చదివి, వాటంతటవే ఆరిపోయేవి. ఒకాయన కుక్కను కట్టేసి వెళ్ళి, అది ఇంటి మనిషేనని అర్జీ పెట్టుకున్నాడు. ఊళ్ళోవాళ్ళూ బంగళాలవాళ్ళూ పాలకొట్టు దగ్గర ఎదురుపడినా పలకరించుకోవడం మానేశారు.

అప్పుడు మునిరత్నం, ఆ సంగతి గోడల్నే అడుగుదామన్నాడు.

మునిరత్నానికి యాభై ఏడేళ్ళు. కింద మదనపల్లెలో ముప్పై ఏళ్ళు ఫిజిక్సు పాఠాలు చెప్పి, ముందుగానే ఉద్యోగం వదిలేసి, పుట్టిన కొండెక్కి వచ్చాడు. పెళ్ళి చేసుకోలేదు. ఊరి చివర మూతపడ్డ పట్టుపురుగుల షెడ్డు ఒకటి కొనుక్కుని, దాన్నే ఇల్లూ ప్రయోగశాలా చేసుకున్నాడు. పురుగులకు రోగాలు రాకుండా ఏళ్ళ తరబడి సున్నం కొట్టిన గోడలవి. వాటిని చూస్తూ చూస్తూ నాలుగేళ్ళలో ఆయన ఒక యంత్రం తయారుచేశాడు. ఆ నాలుగేళ్ళూ ఆయన తనలో తానే గట్టిగా మాట్లాడుకుంటూ పనిచేస్తుంటే, దారిన పోయేవాళ్ళు సారుకు తిక్క పట్టిందనే అనుకున్నారు.

పంచాయతీ ఆఫీసులో ఆయన ఉపన్యాసం ఇవ్వలేదు. గ్లాసుడు సున్నపు తేట, ఒక స్ట్రా తెచ్చి చైర్మన్ రెడ్డెప్ప చేతికిచ్చి, ఊదమన్నాడు. రెడ్డెప్ప బుగ్గలు పొంగించి ఊదాడు. తేట నీళ్ళు చూస్తుండగానే పాలలా తెల్లబడ్డాయి.

"ఇది మీ ఊపిరే రెడ్డెప్పా. బడిలో అందరమూ చేసిందే. ఇంటి గోడ కూడా ఏడాది పొడుగునా ఇట్లనే తాగతా ఉంటాది. సున్నమైనా సిమెంటైనా ఒకటే, పైన రంగేసినా పర్వాలేదు."

"గాలి కిటికీలో నుంచి కూడా వస్తాది కదా సార్?"

"వస్తాది. అందుకే ఊపిరి ఒకటే చాలదు, మాట కూడా కావల్ల. మాట్లాడేటప్పుడు మనిషి ఊపిరి వణుకుతా పోతాది. ఆ వణుకు తగిలిన సున్నం ఒక వరసలో గట్టిపడుతుంది. టీవీకి మాటుంది, ఊపిరి లేదు. కుక్కకు ఊపిరుంది, మాట లేదు. రెండూ కలిసినచోట మనిషి ఉన్నట్టు."

గడిచిన ఏడాదిలో ఆ రెండూ కలిసిన సున్నాన్ని రోజుల్లోకి మార్చి చెబుతుంది ఆయన యంత్రం. టిఫిన్ క్యారియరంత పెట్టె, దానికి డాక్టర్లు గుండె మీద పెట్టేలాంటి బిళ్ళ. మనిషి ఒక రోజంతా ఇంట్లో మామూలుగా మాట్లాడే మాటలెన్నో, గోడలో అన్ని కనిపిస్తే ఒక రోజు లెక్క. ఏం మాట్లాడారో దానికి తెలియదు, మాట్లాడారని మాత్రమే తెలుసు. ఈ ముక్క రెండుసార్లు చెప్పించుకున్నాకే ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. గోడలకు చెవులుంటాయని సామెత ఉన్న ఊళ్ళో ఆ యంత్రానికి 'గోడచెవి' అని పేరు రావడానికి పూట కూడా పట్టలేదు.

షరతు ఒకటి మునిరత్నమే పట్టుబట్టి రాయించాడు. ఏ ఇంటికైనా ఏడాదికి ఒకేసారి కొలత. వచ్చిన అంకె వచ్చే ఏడాది దాకా మారదు. ఎవరికీ మినహాయింపు లేదు, ఎంతవాడు అడిగినా సరే. తర్వాత ఆ షరతు తలుచుకుని ఆయన నాలుక కరుచుకున్నాడు గాని, అప్పటికి ఆలస్యమైపోయింది.

*

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా అని, మునిరత్నం మొదటి కొలత తన అక్క ఇంట్లో పెట్టుకున్నాడు.

అక్క పేరు చెంగమ్మ, అరవై నాలుగేళ్ళు. తల్లి పోయేనాటికి ఆమెకు పదిహేడు, తమ్ముడికి పది. అప్పటినుంచీ అతనికి తల్లీ తండ్రీ అన్నీ ఆమే. అతను ఎమ్మెస్సీకి తిరుపతి వెళ్ళేటప్పుడు తల్లి కట్టిన బోదగడ్డి గుడిసె, దాని చుట్టూ ఉన్న జాగా అమ్మి పంపించింది. భర్త సుబ్బన్న ఘాట్ రోడ్డు బస్సు నడిపేవాడు. ఆయన పోయి ఐదేళ్ళవుతోంది. పిల్లల్లేరు. దిగువవీధిలో రెండు గదుల ఇంట్లో ఉంటూ, చెంగమ్మ ముప్పై ఒక్క బంగళాలకు తాళం చెవులు చూసుకుంటుంది. పగలు ఊడ్చి తుడుస్తుంది. పొద్దుగూకే వేళ ఇంట్లో దీపం లేకపోతే లక్ష్మి నిలవదని ఇళ్ళవాళ్ళు చెప్పి వెళ్తారు గనుక, ఇంటింటికీ తిరిగి దీపం పెట్టి వస్తుంది. తాళాల గుత్తి చప్పుడు వినబడితే చెంగమ్మ వస్తోందని కొండ మీద పిల్లలకు కూడా తెలుసు.

కొలతకు వారం ముందు ఆమె గోడలకు సున్నం వేయబోయింది. తమ్ముడు ఆపాడు.

"వద్దక్కా. రంగైతే పర్వాలేదు గాని, పైన కొత్త సున్నం పడితే లోపల ఉండేది దానికి కనపడదు."

"ఇంత మంది వస్తారంటివి. గోడలు మసిగా ఉంటే బాగుంటుందా?"

"మసి ఉంటేనే మనుషులుండారని అర్థం."

ఆ రోజు ఊరు ఊరంతా దిగువవీధిలోనే ఉంది. బంగళాల సంఘం కార్యదర్శి కూడా బెంగళూరు నుంచి దిగాడు. రెడ్డెప్ప యంత్రానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టాడు. చెంగమ్మ అందరికీ బెల్లం కాఫీ ఇచ్చింది. తమ్ముడు చేసిన మిషను తన ఇంట్లో మొదట పలుకుతుందంటే ఆమె ముఖంలో సంతోషం దాగలేదు. మునిరత్నం ముందు గది నాలుగు గోడల మీద, వంటింటి నాలుగు గోడల మీద బిళ్ళ ఆనించాడు. అంకెలు గిర్రున తిరిగి నిలబడ్డాయి.

డెబ్భై ఒకటి.

మునిరత్నం తీగలు ఊడదీసి మళ్ళీ తగిలించాడు. అంకె మారలేదు. కార్యదర్శి గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"మీ అక్కగారు వేరే ఎక్కడైనా ఉంటారాండీ?"

"ఈ ఇంట్లోనే కదా సారూ పడుకునేది," అంది చెంగమ్మ. తను ఏదో తప్పు చేసినట్టు ఆమె చెంగు సర్దుకుంది. "ఒక్క రాత్రి కూడా వేరే చోట నిద్ర చేసింది లేదు."

చట్టం చుట్టం కాదు. పైగా అక్కడ నలభైమంది బంగళాలవాళ్ళు నిలబడి చూస్తున్నారు. కమిషనరు కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, లక్కా తీగా పట్టుకుని కొళాయి దగ్గరికి వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. చెంగమ్మే అతన్ని పలకరించింది.

"టెంకాయ నీళ్ళు పడి చేతులు జిగటగా ఉండాయి నాయనా. కడుక్కో ముందు, ఇంకా నీళ్ళు వస్తా ఉండాయి."

అతను ఆ కొళాయి కిందే చేతులు కడుక్కుని, దానికే సీలు వేశాడు.

*

మునిరత్నం పది రోజులు కొలతలకు తప్ప షెడ్డు తలుపు తీయలేదు. యంత్రాన్ని మూడుసార్లు విప్పి మూడుసార్లు బిగించాడు. షెడ్డు గోడ మీద పెడితే మూడువందల నలభై చూపించింది. రెడ్డెప్ప ఇంట్లో ఆరుగురు మనుషులకు తగ్గట్టు అంకె పగిలిపోయేలా వచ్చింది. తాళమేసిన బంగళాల్లో తొమ్మిది, పద్నాలుగు, ఇరవై. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, రెండు ఇళ్ళు తప్ప. ఒకటి అక్క ఇల్లు. రెండోది ఎగువవీధిలో డాక్టర్ భుజంగరావు గారి బంగళా. విజయవాడలో కళ్ళ డాక్టరుగా చేసి రిటైరైన ఆయన పోయిన ఏడాది కొండ మీద ఉన్నది పదకొండు రోజులు. గోడచెవి ఆ ఇంటికి రెండువందల తొంభై చెప్పింది.

ఇక ఊరికి వేరే మాట లేకపోయింది. ఖాళీ బంగళా మొదటి ఇల్లట, ముసలమ్మ ఉంటున్న ఇల్లు రెండో ఇల్లట. డాక్టరు దగ్గర సారుకు ఏదో ముట్టిందని ఒక వర్గం అంది. ఆ మిషను కొండ మీద నుంచి కిందికి విసిరేయండని బంగళాల సంఘం అర్జీ పెట్టింది. అర్జీ మీద విచారణ వచ్చే గురువారం. అది కొట్టేస్తే పన్నూ లేదు, పైపులైనూ లేదు.

ఆదివారం మునిరత్నం ఎప్పటిలాగే అక్క ఇంటికి భోజనానికి వెళ్ళాడు. గుమ్మంలో ఆమె బోరింగు దగ్గర నుంచి తెచ్చిన బిందె దింపి మోకాలు పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి వెళ్ళి అతనికి సంగటి, పప్పు, ఊరిబిండి పచ్చడి పెట్టింది. అతను కంచం పక్కనే నోటుపుస్తకం తెరిచి, ఎడమ చేత్తో లెక్కలు చూసుకుంటూ తిన్నాడు. ఆదివారాలు ఎప్పుడూ అలాగే తింటాడు. చేయి కడుక్కున్నాక మాత్రం గోడ వైపు చూస్తూ అన్నాడు.

"అక్కా, ఆ అంకె నేనే కదా పుస్తకంలో ఎక్కించేది. నూటఎనభై ఒకటని రాసేస్తా. తీగ వదులుగా ఉండిందని చెప్తా."

"ఎవరికి?"

"అందరికీ."

చెంగమ్మ కంచం తీస్తున్నదల్లా ఆగింది. "నాకోసం నువ్వొక అబద్ధం రాస్తే, రేపు ఆ రెండువందల మందీ నాకొకటి రాయి, నాకొకటి రాయి అంటారు. పైపు రాదు. ఈ వీధిలో నాకంటే ముసలోళ్ళు నలుగురుండారు బిందెలు మోసేవాళ్ళు." ఆ మాటలు చెప్పి ఆమె కంచం కడగడానికి వెళ్ళిపోయింది. అతను పుస్తకం మూసి వెళ్ళిపోయాడు.

*

మంగళవారం సాయంత్రం మునిరత్నం భుజంగరావు గారికి ఫోన్ చేసి, ఆయన అనుమతితో, ఆయన చెప్పినచోట దొరికిన తాళం చెవితో బంగళా వెనక తలుపు తీసుకుని యంత్రంతో లోపలికి వెళ్ళాడు. ఈసారి ఇల్లంతా కలిపి కొలవలేదు, గోడ గోడా విడివిడిగా చూశాడు. హాల్లో ఏమీ లేదు. పడకగదుల్లో ఏమీ లేదు. వెనక వరండాలో, దక్షిణం మూల ఒక్కచోట, నేల మీద కూర్చున్న మనిషి నోరు ఎంత ఎత్తున ఉంటుందో సరిగ్గా అంత ఎత్తున, అంకెలన్నీ కుప్పగా కనిపించాయి. రెండువందల తొంభై రోజుల మాటలూ ఆ జానెడు గోడలోనే ఉన్నాయి.

ఎవరో దొంగతనంగా ఇక్కడ కాపురం ఉంటున్నారనుకున్నాడు. యంత్రం పక్కన పెట్టి, కట్టెల గది తలుపు చాటున నిలబడ్డాడు. కొండకు అవతల ఎండ ఎర్రబడుతుండగా తాళాల గుత్తి చప్పుడు వినిపించింది.

చెంగమ్మ హాల్లో దీపం పెట్టి, నూనె గిన్నె పట్టుకుని వెనక వరండాలోకి వచ్చింది. ఆ మూల ఇంకో చిన్న ప్రమిద వెలిగించింది. గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ముప్పై ఇళ్ళు తిరిగిన మోకాళ్ళు రెండు చేతులతో రాసుకుంది. తర్వాత మాట్లాడటం మొదలుపెట్టింది.

"అమ్మా, వచ్చినానే. ఈపొద్దు ఈ మోకాలు శానా సతాయిస్తా ఉండాది. నీళ్ళు మోసేది అలవాటు పోయింది కదా, అందుకు. పోతాదిలే. లింగాపురం వాళ్ళ బంగళాలో పిల్లి ఈనింది, మూడు పిల్లలు. ఒకటి అచ్చం నువ్వు సాకిన బూడిదరంగు దాని మాదిరే ఉండాది. మొన్న ఆదివారం రత్నం వచ్చినాడు. సంగటి రెండు ముద్దలు తిన్నాడు. చిక్కిపోయినాడమ్మా. ఊరిబిండిలో ఉప్పు ఎక్కువైందేమో అడగాలనుకుంటి. వాడు లెక్కల్లో ఉండాడు, ఎందుకులే కదిలించేదని ఊరుకుంటి. మిషను చెడిపోయిందని వాడు లోపల్లోపల కుమిలిపోతా ఉండాడు. అది నా వల్లనేనేమో. ఏం చేస్తే సరిపోతాదో నువ్వన్నా వానికి కలలో చెప్పు. నా మాట వినేంత తీరిక వానికి లేదు గాని, నీదైతే వింటాడు."

మునిరత్నం తలుపు చాటున నిలబడలేకపోయాడు. తలుపు తోసుకుని బయటికి వచ్చాడు.

"అక్కా."

ఆమె ఉలిక్కిపడలేదు. పట్టుబడ్డ పిల్లలా మాత్రం చూసింది. "ఎంతసేపైంది రా వచ్చి?"

"ఇక్కడెందుకు కూర్చుంటావు?"

"ఇక్కడే కదరా మన పొయ్యి ఉండింది." ఆమె అరచేత్తో పక్కన నేల తట్టింది. "నీకు గుర్తుండదులే. చదును చేసేసినారు, చెట్లు కొట్టేసినారు, అంతా మారిపోయింది. పునాది తవ్వేటప్పుడు మన పొయ్యిరాళ్ళు బయటపడినాయి. ఒకటన్నా ఇక్కడ పెట్టండయ్యా అని మేస్త్రీని బతిమాలుకుంటి. ఈ అరుగు కిందనే ఉండాది. దీపం పెట్టేదానికి వస్తాను గదా, వచ్చినప్పుడు అమ్మకు పొద్దున్నుంచి జరిగినదంతా చెప్పిపోతా. గంటో, రెండు గంటలో. మీ బావ పోయినప్పటినుంచీ అలవాటైపోయింది."

ఆ జాగా తన చదువుకోసమే అమ్మారని మునిరత్నానికి తెలుసు. అది ఏ బంగళా కిందికి పోయిందో ఏనాడూ అడగలేదు. ముప్పై ఏళ్ళు కింద ఉండి, నాలుగేళ్ళు పైన ఉండి, ఒక్కసారి కూడా అడగలేదు.

"మన ఇంట్లో ఎందుకు మాట్లాడవక్కా?" అన్నాడు.

చెంగమ్మ అతని వైపు వింతగా చూసింది. నిష్ఠూరం కూడా లేదు ఆ చూపులో.

"ఎవరితో?" అంది.

మునిరత్నం వచ్చి ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు. డెబ్భై ఒకటి అన్న అంకె ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు అతనికి అర్థమైంది. అది పాలవాడితో, పక్కింటివాళ్ళతో, గుమ్మంలో నిలబడి మాట్లాడినవి. రాత్రంతా ఆమె ఊపిరి ఆ ఇంటి గోడలకు తగులుతూనే ఉంది. మాట తగల్లేదు. షెడ్డులో తనతో తాను వాగుకుంటూ మూడువందల నలభై రోజులు సంపాదించుకున్న పెద్దమనిషి, ఆదివారం పూట అక్క ఇంట్లో పది మాటలు మాట్లాడలేదు. మిషను ఎక్కడా తప్పు చెప్పలేదు. తప్పు తనది.

అతను ఏడుస్తున్నాడని చెంగమ్మకు కొంత సేపటికి గాని తెలియలేదు. తెలిశాక అతని వీపు మీద చేయి వేసి, "ఊరుకో, అమ్మ చూస్తాది," అంది.

*

గురువారం పంచాయతీ హాలు కిటకిటలాడింది. భుజంగరావు గారు కూడా విజయవాడ నుంచి వచ్చి వెనక బెంచీ మీద కూర్చున్నారు. మునిరత్నం లేచి, మిషను సరిగ్గానే పనిచేస్తోందని చెప్పాడు. సరిగ్గా పనిచేస్తే డాక్టరు ఇంట్లో ఎవరున్నారో చెప్పమని నాలుగు మూలల నుంచీ అరిచారు. మిషను నిలవాలంటే అక్క ఒంటరితనాన్ని ఊరందరి ముందూ పరచాలి. పరచకపోతే పైపులైను పోతుంది. చెంగమ్మ మోసిన బిందెలన్నీ అప్పుడు దండగే. చేతిలో కాగితం నలుపుకుంటూ నిలబడిపోయాడు.

చెంగమ్మే లేచింది.

"ఆ మాటలు నావి రెడ్డెప్పన్నా. డాక్టరు సారు ఇల్లు మా అమ్మ జాగాలో ఉండాది. సాయంత్రం దీపం పెట్టి, ఆడ కూర్చొని అమ్మతో మాట్లాడుకుంటా. మా ఇంట్లో మాట్లాడేదానికి ఎవరూ లేరు. మా తమ్మునిది తప్పేం లేదు, మిషనుదీ లేదు." అని డాక్టరు వైపు తిరిగింది. "అడక్కుండా మీ ఇంట్లో కూర్చున్నాను సారూ. తప్పే. ఏమనుకోవద్దు."

రెడ్డెప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "దీపం కింద చీకటంటే ఇదే," అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తానే.

భుజంగరావు గారు కర్ర ఊతంగా లేచారు.

"నేను ఆ ఇంట్లో ఉన్నది పదకొండు రోజులండీ. ఆ రెండువందల తొంభై నావి కావు. అది నాకు రెండో ఇల్లే. పన్ను నేను కడతాను, రాసుకోండి." ఆగి, చెంగమ్మతో అన్నారు. "మా ఆవిడ పోయాక ఆ ఇల్లు అమ్మేద్దామని ఎన్నిసార్లనుకున్నానో. వచ్చినప్పుడల్లా ఇల్లు వెచ్చగా ఉన్నట్టనిపించేది. ఎందుకో నాకు తెలిసేది కాదు. మీరు రావడం మానకండమ్మా. మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి."

ఆయన మాటకు సిగ్గుపడి ఇంకో పాతికమంది పన్నుకు ఒప్పుకున్నారు. మిగిలినవాళ్ళు సిగ్గుపడకుండా కోర్టుకు వెళ్ళారు. ఆ దావా ఇంకా నడుస్తూనే ఉంది. అర్జీ మాత్రం కొట్టేశారు. డాక్టరు ఇంటి రోజులు చెంగమ్మ ఇంటికి మార్చేద్దామని ఒక మెంబరు అంటే, కమిషనరు పుస్తకం తిరగేసి అలాంటి ఏర్పాటు లేదన్నాడు. చెంగమ్మ కూడా వద్దంది. కొళాయి సీలు ఏడాదిపాటు అలాగే ఉండిపోయింది.

*

ఆ మర్నాటి నుంచి, దీపాలు పెట్టి చెంగమ్మ ఇల్లు చేరే వేళకు మునిరత్నం రెండు బిందెలతో బోరింగు దగ్గర నుంచి వచ్చేవాడు. నోటుపుస్తకం షెడ్డులోనే వదిలేసేవాడు.

మొదట్లో ఆయనకు ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. ముప్పై ఏళ్ళు క్లాసులు చెప్పిన నోరు, అక్క ఎదుట కూర్చుంటే వెతుక్కునేది. ఒకరోజు కాంతివేగం గురించి చెబుతుంటే చెంగమ్మ కూర్చున్నచోటే నిద్రపోయింది. ఇంకోరోజు తెగించి, ఊరిబిండిలో ఉప్పు ఎక్కువైందన్నాడు. ఆమె లేచి కూర్చుంది. ఎక్కువ కాలేదంది. అయిందన్నాడు. ఆ వాదన బావ సుబ్బన్న ఉప్పు తినే తీరు మీదికి, అక్కడినుంచి ఘాట్ రోడ్డులో బస్సాగిపోయిన రాత్రి మీదికి, తల్లి బూడిదరంగు పిల్లి మీదికి పోయి, సంగటి చల్లారేదాకా సాగింది. తర్వాత ఆయన వెతుక్కోవలసిన అవసరం రాలేదు. వానాకాలంలో ఒకసారి వారం రోజులు పోట్లాడుకున్నారు కూడా. గోడకు పోట్లాట కూడా మాటే.

ఏడాది తిరిగింది. కింది చెరువు నుంచి పైపులు సగం కొండ ఎక్కాయి. కమిషనరు కొలతలకు బయలుదేరాడు. పోయిన ఏడాది అనుభవం చూసి ఈసారి టెంకాయ కొట్టలేదు. చెంగమ్మ ఇంట్లో బిళ్ళ ఆనించినప్పుడు మునిరత్నం వాకిట్లో నిలబడి గోళ్ళు కొరుక్కున్నాడు.

రెండువందల ఇరవై ఆరు.

కమిషనరు కత్తెర తీసి తీగ తెంపాడు. కొళాయి దగ్గి, తుప్పు నీళ్ళు కక్కి, తర్వాత తేటగా పారింది. చెంగమ్మ దోసిలి పట్టి ముఖం కడుక్కుంది. డాక్టరు ఇంట్లో ఈసారి తొంభైకి మించలేదని కమిషనరు చెబితే, "అమ్మకిప్పుడు ముఖ్యమైనవే చెప్తా ఉండాను," అంది.

సాయంత్రానికి కమిషనరు పట్టుపురుగుల షెడ్డుకు వచ్చాడు. బిళ్ళ ఆనించి, అంకె చూసి, మునిరత్నం ముఖం చూసి, మళ్ళీ అంకె చూశాడు.

"సార్... ముప్పై ఎనిమిది."

"అయితే రాసుకో. ఈడ నాతో నేను మాట్లాడుకునేది మానేసి శానా దినాలైంది."

"మీరే సార్ దీన్ని కనిపెట్టింది. ఎట్లా వేసేది సీలు?"

"ఎవరికీ మినహాయింపు లేదని రాయించింది కూడా నేనే కదప్పా." మునిరత్నం కొళాయి తిప్పి పక్కకు జరిగాడు. "చేతులు కడుక్కో ముందు. ఇంకా నీళ్ళు వస్తా ఉండాయి."

మూడింతల పన్ను నోటీసు జేబులో పెట్టుకుని ఆయన దిగువవీధికి నడిచాడు. దారిలో రెడ్డెప్ప ఎదురై పలకరించినా ఆగలేదు. చెంగమ్మ పొయ్యి ముందు కూర్చుని సంగటి గెలుకుతోంది. నోటీసు తీసి ఆమెకు చదివి వినిపించాడు. ఫలానా షెడ్డు యజమానికి అది రెండో ఇల్లుగా తేలినందున, అని మొదలవుతుంది అది.

చెంగమ్మ తెడ్డు ఆపింది. "షెడ్డు నీకు రెండో ఇల్లంటనా? అయితే నీ మొదటి ఇల్లు యాడుందంట రా?"

"రాయలేదు," అన్నాడు మునిరత్నం, చెప్పులు విడిచి లోపలికి వస్తూ. "కంచం పెట్టు. చెప్తా."